సిమెంట్ లేకుండా తుంటి కీలు మార్పిడి: నా అనుభవం

తొడ ఎముక తలకి రక్తం అందక అది లోలోపలే కుంగిపోయింది. మెట్ల సంగతి అటుంచి, కూర్చుని సాక్సు వేసుకోవాలన్నా ప్రాణం పోయేది. కీలు మార్చక తప్పదని తేలాక నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటే. ఎముకలోకి దించే ఆ లోహపు కాడ జీవితాంతం కదలకుండా ఎలా ఉంటుంది? కాడ చుట్టూ నింపి దాన్ని ఎముకలో పట్టి ఉంచే సిమెంట్ కూడా నాకు వాడటం లేదన్నారు మరి!

సర్జన్ ఓపిగ్గా ఒక నమూనా తీసి చేతికిచ్చారు. కింది భాగం నున్నగా మెరుస్తోంది. పైభాగం మాత్రం తెల్లగా ఉంది, వేలితో రాస్తే గరుకు తగిలింది. “పట్టు దొరికేది ఇక్కడే” అన్నారు. అది హైడ్రాక్సీఅపటైట్ పూత. కాల్షియం, ఫాస్ఫేట్‌లతో తయారయ్యే ఖనిజం. మన ఎముకల్లో, పళ్లలో ఉండేదీ ఈ జాతిదే. దాని పొడిని విపరీతమైన వేడి ఉండే ప్లాస్మా మంటలోంచి చిమ్మి టైటానియం మీద పట్టిస్తారు. మందం సాధారణంగా 50 నుంచి 150 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ. తుంటి కీళ్లకి ఈ పూత 1980ల నుంచీ వాడుకలో ఉంది.

ఒంట్లోకి వెళ్లాక ఈ పూత కొంచెం కొంచెంగా కరుగుతుందట. అలా వదిలిన కాల్షియం, ఫాస్ఫేట్ మళ్లీ దాని పైనే ఎముక ఖనిజంలాంటి సన్నని పొరగా పేరుకుంటాయి. ఎముకను కట్టే కణాలు ఆ పొర మీద చేరి పని మొదలుపెడతాయి. ఉత్త టైటానియాన్ని కూడా ఎముక పట్టుకుంటుంది, స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే వైద్య పరిశోధకుడు 1950లలోనే అది గమనించారు. పూత ఉంటే ఆ పని త్వరగా మొదలవుతుంది, మధ్యలో చిన్న ఖాళీలున్నా ఎముక దాటి వచ్చి అందుకుంటుంది. ఇది విన్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

కానీ పూత జిగురు కాదు. మొదట్లో కాడను నిలిపేది బిగింపు ఒక్కటే. ఎముక వచ్చి పట్టుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా కాడ 150 మైక్రాన్లకి మించి అటూ ఇటూ కదులుతూ ఉంటే ఎముకకి బదులు పీచులాంటి కణజాలం పెరుగుతుంది, కీలు వదులవుతుంది. కంటికి కనిపించని కదలిక అది! నా ఎముక కొంచెం బలహీనంగా ఉందని కొన్నాళ్లు సగం బరువే మోపమన్నారు. కొందరిని వెంటనే పూర్తి బరువుతో నడిపిస్తారు, అది ఎముకని బట్టి, బిగింపుని బట్టి సర్జన్ తేల్చాల్సిన విషయం. ఫిజియోథెరపిస్ట్ బరువు తూచే మిషన్ మీద నా కాలు పెట్టించి, ముల్లు ఎంతవరకు రావచ్చో చూపించారు. ఆ ఒత్తిడి పాదానికి అలవాటయ్యాక వాకర్ పట్టుకుని నడవడం తేలికైంది.

కూర్చుని లేవగానే తొడలో నొప్పి మాత్రం చాలాకాలం ఉంది. నాలుగడుగులు వేస్తే తగ్గేది, తర్వాత పూర్తిగా పోయింది. అది పెరుగుతూ పోతే వెంటనే చూపించుకోవాలి.

ఏడాది రివ్యూలో సర్జన్ ఎక్స్‌రే మీద రెండు విషయాలు వేలు పెట్టి చూపించారు. పూత ఉన్నచోట కాడ చుట్టూ నల్లటి గీత లేదు, అంటే మధ్యలో పీచులాంటి కణజాలం పెరిగిన జాడ లేదన్నమాట. పూత ముగిసే చోట ఎముక లోపలి గోడ నుంచి కాడ దాకా తెల్లటి మచ్చలు వచ్చాయి. వాటిని స్పాట్ వెల్డ్ అంటారట. కొత్త ఎముక వచ్చి అతుక్కున్న గుర్తులవి. ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఎక్స్‌రేలో అవి లేవు. రివ్యూకి వెళ్లేవాళ్లు పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.