కట్టని ఇటుక మనిషి, కట్టిన ఉక్కు దేవదూత

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్న మా అక్కావాళ్ళింటికి వెళ్ళడం ఖాయమయ్యాక, అక్కడ చూడాల్సినవి ఏమిటని బావగారు ఫోన్‌లో అడిగారు. కోటలు, సరస్సులు, ఫుట్‌బాల్ మైదానాలు అంటూ ఆయనే ఒక పెద్ద లిస్టు చదివారు. నేను మాత్రం రెండే చెప్పాను. రెండూ ఆంటొనీ గోర్మ్లీ అనే శిల్పివి. ఒకటి, ఉక్కు దేవదూత, ఇంగ్లండ్ ఉత్తరాన గేట్స్‌హెడ్‌లో 20 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. రెండోది, ఇటుక మనిషి, లీడ్స్‌లో కట్టాల్సింది, కట్టలేదు. "కట్టనిదాన్ని ఎలా చూస్తావురా?" అంది పక్కనుంచి అక్క. నమూనా ఉంది కదా, అది చూస్తానన్నాను.

బయట, పదిమంది తిరిగే చోట పెట్టే శిల్పాలంటే నాకు చాలాకాలంగా ఇష్టం. వాటి నమూనాలంటే ఇంకా ఇష్టం. శిల్పులు మాకెట్ అని పిలిచే ఈ చిన్న బొమ్మ శిల్పి మనసులో మాటను మొదటిసారి బయటపెడుతుంది. కౌన్సిల్ సభ్యులు, ఇంజనీర్లు, డబ్బిచ్చేవాళ్ళు, పత్రికలవాళ్ళు అందరూ దాని చుట్టూ చేరి తలో మాటా అంటారు. ఊరు ఒప్పుకుంటే అది పెద్దదవుతుంది. లేకపోతే ఏ స్టోర్ రూములోనో దుమ్ము పట్టిపోతుంది.

లండన్‌లో దిగాక, లీడ్స్ రైలుకి టైమ్ ఉండడంతో ట్రఫాల్గర్ స్క్వేర్ ఒకసారి చుట్టి వచ్చాను. అక్కడ నాలుగు మూలలా నాలుగు దిమ్మెలున్నాయి. 1841లో కట్టిన నాలుగోదాని మీద గుర్రమెక్కిన రాజు విగ్రహం పెట్టాలనుకున్నారు గానీ డబ్బు చాలక ఆగిపోయింది. నూట యాభై ఏళ్ళకు పైగా దిమ్మె బోసిగా ఉండిపోయింది. 1999 నుంచి దాని మీద కొత్త శిల్పాలను కొంతకాలం చొప్పున మార్చి మార్చి పెడుతున్నారు. ఎంపికకు ముందు, తుది పోటీలో ఉన్న శిల్పుల నమూనాలను జనానికి చూపిస్తారు. ఎవరైనా వెళ్ళి చూసి తమ అభిప్రాయం చెప్పొచ్చు. ఇంత మంచి పద్ధతి ప్రతి ఊళ్ళోనూ ఉండాలనిపించింది. 2009లో ఆ దిమ్మె గోర్మ్లీకి దక్కినప్పుడు ఆయన అసలు విగ్రహమే చెయ్యలేదు. మామూలు మనుషులు 2,400 మంది, గంటకొకరు చొప్పున, 100 రోజులపాటు రాత్రీ పగలూ దాని మీద నిలబడ్డారు. ఆ ప్రతిపాదనను ఒప్పుకున్నవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ప్రయాణ బడలిక తీరాక ముందుగా వేక్‌ఫీల్డ్ వెళ్ళాం. లీడ్స్ నుంచి రైల్లో కాస్త దూరమే. శిల్పి బార్బరా హెప్‌వర్త్ 1903లో పుట్టిన ఊరది. కాల్డర్ నది ఒడ్డున 2011లో ఆమె పేరుతో తెరిచిన మ్యూజియంలో, ఆమె కుటుంబం ఇచ్చిన ప్లాస్టర్, అల్యూమినియం నమూనాలు నలభైకి పైగా ఉన్నాయి. ఆమె పనిముట్లు, పనిబల్ల కూడా అక్కడే పెట్టారు. హెప్‌వర్త్ ఈ కాలపు శిల్పి కాదు, 1975లోనే పోయింది. అయినా నమూనా అంటే ఏమిటో చేత్తో పట్టుకున్నంత దగ్గరగా తెలిసేది ఇక్కడే.

అక్కడ ఒక గదిలో ఇంచుమించు ఆరు మీటర్ల ఎత్తున రెక్కల్లాంటి శిల్పం ఒకటుంది. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో జాన్ లూయిస్ దుకాణం గోడకు 1963లో బిగించిన 'వింగ్డ్ ఫిగర్'కి అసలు సైజులోనే చేసుకున్న నమూనా అది. దుకాణం వాళ్ళకి ఆమె మొదట పంపిన ప్రతిపాదన వేరే. వాళ్ళు దాన్ని తిప్పి పంపేశారు. అప్పుడామె ఏళ్ళ కిందట తానే చేసుకున్న ఒక చిన్న రెక్కల బొమ్మను తీసి, దాన్ని పెంచి చూపించింది. అది నచ్చింది. ఆ పెద్ద నమూనా దగ్గరికెళ్ళి చూస్తే పూత మీద గరుకుగా గీకిన చోట్లు, సరిచేసిన అతుకులు అన్నీ కనబడతాయి. లండన్ గోడ మీద ఎంతో ఎత్తున ఉన్న అసలు శిల్పంలో ఇవేవీ కంటికి ఆనవు. ఆ గీతల దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. అక్క కాఫీ తాగడానికి వెళ్ళి వచ్చింది కూడా.

లీడ్స్ ఆర్ట్ గ్యాలరీ ఊరి నడిబొడ్డున ఉంటుంది. బయట హెన్రీ మూర్ చేసిన, పడుకున్న ఆడమనిషి కంచు విగ్రహం స్వాగతం చెబుతుంది. పక్కనే శిల్పకళ కోసమే పనిచేసే హెన్రీ మూర్ ఇన్‌స్టిట్యూట్. శిల్పుల ఉత్తరాలు, కాగితాలు భద్రపరిచే పని కూడా అక్కడ జరుగుతుంది. ఒక ఊరు శిల్పాన్ని ఇంతగా పట్టించుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. అలాంటి ఊరే ఇటుక మనిషిని వద్దంది.

నేను వెతుక్కుంటూ వెళ్ళిన నమూనా ఇంచుమించు నా ఎత్తుంది. చేతులు ఒంటికి ఆనించి, కాళ్ళు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడిన మనిషి. మొహంలో కళ్ళూ ముక్కూ తీర్చిదిద్దలేదు. ఒళ్ళంతా ఇటుకల వరసలు. కాలి వేళ్ళ నుంచి మాడు దాకా ఆ వరసలు ఎక్కడా తెగకుండా సాగుతాయి. భుజం గుండ్రంగా తిరిగే చోట ఆ చిన్న చిన్న ఇటుకలు ఒకదాని మీద ఒకటి కాస్త కాస్త లోపలికి జరుగుతూ పోయిన తీరు చూశాను. తాపీమేస్త్రీ ఎవరైనా దాన్ని చూస్తే ఇంకో అడుగు ముందుకేసి వేలితో తడిమి చూస్తాడు. 1980ల్లో గోర్మ్లీ దీన్ని ప్రతిపాదించాడు. కడితే ఎత్తు 30 మీటర్లు దాటేది. చోటు లీడ్స్ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, హోల్‌బెక్ పక్కన, రైలు పట్టాల మధ్య చిక్కుకున్న త్రికోణపు ఖాళీ స్థలం. ఊళ్ళో పాత మిల్లులు చాలావరకు ఇటుకవే కాబట్టి మనిషినీ ఇటుకతోనే కట్టాలనుకున్నాడు. 1988లో నగర కౌన్సిల్ కాదంది. స్థానిక పత్రికల్లోనూ వ్యతిరేకతే ఎక్కువ వచ్చింది.

ఇంటికి వచ్చే దారిలో స్టేషన్ దగ్గర ఆగి హోల్‌బెక్ వైపు చూశాం. టవర్ వర్క్స్ అనే పాత ఫ్యాక్టరీ గోపురాలు కనబడ్డాయి. ఉన్ని దువ్వే యంత్రాలకు ఉక్కు సూదులు చేసిన ఫ్యాక్టరీ అది. దుమ్ము, పొగ బయటికి పంపడానికి కట్టిన ఆ గోపురాల్లో పెద్దదాన్ని ఫ్లోరెన్స్‌లోని జొట్టో గంటల గోపురాన్ని చూసి కట్టారు. ఒక సూదుల ఫ్యాక్టరీ యజమాని దుమ్ము గొట్టాన్ని ఇంత అందంగా కట్టుకుంటే ఒప్పుకున్న ఊరు, దాని పక్కన ఒక మనిషి బొమ్మను ఎందుకు వద్దనుకుందో నాకు అర్థం కాలేదు.

"నన్నడిగినా వద్దనేదాన్నేమో" అంది అక్క. "మనింటి ఎదురుగా అంత పెద్ద మనిషి రోజూ నిలబడి ఉంటే భయం వెయ్యదూ?"

ఆ మాట కొట్టిపారేసేది కాదు. నమూనాని మనం పైనుంచో ఎదురుగానో చూస్తాం. దాని చుట్టూ తిరుగుతాం. మామూలుగా మన ఎత్తు మించదు కాబట్టి అది ముద్దుగా ఉంటుంది. కట్టాక అదే మనల్ని పైనుంచి చూస్తుంది. ఈ తేడాని ఏ నమూనా చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళు ఊహించుకుని భయపడతారు, శిల్పి ఊహించుకుని సంబరపడతాడు. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఆ బొమ్మ ఒక్కటే. అయినా లీడ్స్ చేసిన పని ఒకటి నాకు గొప్పగా అనిపించింది. వద్దన్న బొమ్మను పారెయ్యకుండా తన గ్యాలరీ సేకరణలో దాచుకుంది. ఓడిపోయిన ప్రతిపాదనలకు కూడా ఒక ఊళ్ళో చోటుండాలని నేను గట్టిగా నమ్ముతాను.

గేట్స్‌హెడ్‌కి బావగారు కారులో తీసుకెళ్ళారు. ఏ1 రోడ్డు మీద ఉత్తరంగా పోతుంటే ఒక మలుపు తర్వాత, చెట్ల పైన తుప్పు రంగు రెక్కలు లేచాయి. 'ఏంజెల్ ఆఫ్ ద నార్త్'. ఎత్తు 20 మీటర్లు, రెక్కల పొడవు ఈ చివరి నుంచి ఆ చివరికి 54 మీటర్లు. ఎత్తు కంటే వెడల్పే రెండున్నర రెట్లకు పైగా ఉందన్నమాట. కారు దిగి దిబ్బ ఎక్కుతుంటే గాలికి అక్క చున్నీ నిలవలేదు. అప్పుడు తెలిసింది ఇంజనీర్లు ఎందుకంత తల పట్టుకున్నారో.

నమూనాను పది రెట్లు పెంచితే ఎత్తు పది రెట్లే పెరుగుతుంది. గాలి తగిలే వైశాల్యం మాత్రం వంద రెట్లు, ఘనపరిమాణం వెయ్యి రెట్లు అవుతాయి. గాలి దాన్ని తోసి పడగొట్టే బలం కూడా వెయ్యి రెట్లవుతుంది, ఎందుకంటే వంద రెట్ల తోపు పది రెట్ల ఎత్తున పనిచేస్తుంది. పదో వంతు సైజు నమూనాకి చీలమండల మీద భారమే లేదు. ఇక్కడ 200 టన్నుల ఉక్కు, ఆ రెక్కలు పట్టే గాలి మొత్తం ఆ రెండు చీలమండల గుండానే నేలలోకి దిగాలి. ఆరప్ సంస్థ ఇంజనీర్లు గంటకు 160 కిలోమీటర్ల గాలిని కూడా తట్టుకునేలా లెక్కలు వేశారు. ఒంటి చుట్టూ నిలువుగా కనబడే ఉక్కు పక్కటెముకలు అలంకారం కోసం పెట్టినవి కావు. ఎముకలు బయట, చర్మం లోపల అన్నట్టు, బరువంతా వాటి గుండానే కిందికి దిగుతుంది. అడుగున వందల టన్నుల కాంక్రీటు, 20 మీటర్ల లోతున రాతి దాకా దించిన స్తంభాలు.

నేను నేరుగా పాదాల దగ్గరికే వెళ్ళాను. చెయ్యి ఆనిస్తే లోహం చల్లగా, సన్నటి ఇసుక కాగితంలా తగిలింది. కార్‌టెన్ అనే ఈ ఉక్కులో కొద్దిగా రాగి కలుస్తుంది. పైన పట్టే తుప్పే పొరలా గట్టిపడి లోపలి లోహాన్ని కాపాడుతుంది కాబట్టి రంగు వెయ్యక్కర్లేదు. జనం చెయ్యేసే ఎత్తు వరకు పాదాలు నున్నబడి ముదురు రంగుకి వచ్చాయి, ఆ పైన వాన జారిన చారలు. తలెత్తి చూస్తే రెక్కలు సరళరేఖలో లేవు. రెండూ కాస్త ముందుకి, మూడున్నర డిగ్రీలు వాలి ఉన్నాయి. ఆ కొద్దిపాటి వంపు వల్లే అది ఎగరబోతున్నట్టు కాకుండా, వచ్చేవాళ్ళని దగ్గరికి తీసుకోబోతున్నట్టు ఉంటుంది. ఫొటోల్లో ఈ వంపు నాకెప్పుడూ కనబడలేదు.

ఇక్కడా వ్యతిరేకత తక్కువేం కాదు. 1994లో గోర్మ్లీని ఎంపిక చేసినప్పటి నుంచి పత్రికల్లో గొడవే. డ్రైవర్ల చూపు మళ్ళి యాక్సిడెంట్లవుతాయన్నారు. ఖర్చు 8 లక్షల పౌండ్లు, అందులో ఎక్కువ భాగం లాటరీ నిధుల నుంచి వచ్చింది. ఆ డబ్బు ఆసుపత్రులకు ఇవ్వకూడదా అన్నారు. అయినా గేట్స్‌హెడ్ కౌన్సిల్ మాట మీద నిలబడింది. హార్ట్‌ల్‌పూల్‌లో తయారైన ఒళ్ళు, రెండు రెక్కలు విడివిడిగా పెద్ద ట్రక్కుల మీద రాత్రిపూట రోడ్డు మార్గాన వచ్చాయి. 1998 ఫిబ్రవరిలో క్రేన్లతో ఎత్తి నిలబెట్టారు. అదే ఏడాది మే నెలలో పక్క ఊరు న్యూకాసిల్ ఫుట్‌బాల్ అభిమానులు తాళ్ళు విసిరి, తమ ఆటగాడు అలన్ షియరర్ 9వ నంబరు చొక్కా దానికి తొడిగారు. నన్నడిగితే ఆ రోజే అది ఊరిదైపోయింది.

దిబ్బ కింద ఒకప్పుడు బొగ్గుగని కార్మికుల స్నానాల గదులుండేవి. రెండు వందల ఏళ్ళు జనం చీకట్లో తవ్విన చోట, వాళ్ళ మీద వెలుతురులో నిలబడే బొమ్మ కావాలన్నది గోర్మ్లీ ఆలోచన. ఈ ఒక్క కారణం చాలు, ఇది వేరే ఊళ్ళో పెడితే ఎందుకు నప్పదో చెప్పడానికి. దీని పదో వంతు నమూనా ఒకటి కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ తోటలో ఉంది. గేట్స్‌హెడ్ కౌన్సిల్ దగ్గరున్న నమూనాకి 2008లో ఒక టీవీ కార్యక్రమంలో పది లక్షల పౌండ్ల విలువ కట్టారు. మొత్తం శిల్పానికి అయిన ఖర్చు కంటే ఎక్కువ.

అక్కడ కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయనతో బావగారు మాట కలిపారు. అప్పట్లో తను కూడా వద్దని సంతకం పెట్టినవాడినేనని ఆయన చెప్పాడు. ఇప్పుడెలా ఉందని అడిగితే, దక్షిణం నుంచి కారులో వస్తున్నప్పుడు అది కనబడితే ఇల్లు వచ్చేసినట్టేనన్నాడు. పక్కన చెట్ల గుంపులో కొమ్మలకి రిబ్బన్లు, ఫొటోలు, చిన్న చిన్న కార్డులు కట్టి ఉన్నాయి. పోయినవాళ్ళ కోసం జనం తమంతట తామే కట్టుకున్నవి. ఏ ప్రతిపాదన పత్రంలోనూ ఈ చెట్ల ప్రసక్తి ఉండదు. అక్క అక్కడ ఒక్కొక్క కార్డూ చదువుతూ చాలాసేపు ఆగిపోయింది.

తిరిగి వస్తూ గోర్మ్లీ మన దేశంలో తిరిగిన సంగతి చెప్పాను. 1971 నుంచి 1974 దాకా ఇండియా, శ్రీలంకల్లో ఉండి బౌద్ధ ధ్యానం నేర్చుకున్నాడు. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాళ్ళను చూసి, తర్వాత ప్లాస్టర్‌లో ముంచిన గుడ్డను మనుషుల మీద కప్పి శిల్పాలు చేశాడు. ఒంటి నుంచే అచ్చు తీసే ఆయన పద్ధతికి మొదలు అక్కడుంది. "ఇది నాకు ముందే చెప్పుంటే ఇటుక మనిషిని ఇంకోలా చూసేదాన్ని" అంది అక్క.

మీరు వెళ్తే లీడ్స్ నమూనా ముందు చూసి, తర్వాత గేట్స్‌హెడ్ వెళ్ళండి. కారు లేకపోతే న్యూకాసిల్ నుంచి 21వ నంబరు బస్సు దాని దగ్గరే దింపుతుంది, టికెట్ ఏమీ లేదు. లివర్‌పూల్ దగ్గర క్రాస్‌బీ బీచ్‌లో ఆయన పోతపోసిన ఇనుప మనుషులు 100 మంది సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. 2006లో అక్కడి కౌన్సిల్ వాటిని ఉంచడానికి ఒప్పుకోలేదు, 2007లో మనసు మార్చుకుని శాశ్వతంగా ఉండనిచ్చింది. ఈసారికి మాకు కుదరలేదు. బావగారు అప్పుడే ఫోన్‌లో అక్కడి ఆటుపోట్ల సమయాలు వెతుకుతున్నారు, పోటు మీదున్నప్పుడు వెళ్తే చాలా బొమ్మలు నీళ్ళలో మునిగిపోతాయట.