జున్ను రెక్కలా, ఫ్యాన్ రెక్కలా: పదకొండో వారం

మా పిట్ట జున్నుకి మళ్లీ రెక్కలు కత్తిరించాలా వద్దా అని సంక్రాంతి నుంచి నానుస్తున్న సంగతి ఈ వారం ఒక కొలిక్కి వచ్చింది. చేసినవీ, చెడగొట్టినవీ మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా.

జున్ను లేత పసుపు కాకటీల్, అంటే చిలకల్లో ఒక చిన్న జాతి. బెంగళూరు మారతహళ్లిలో నాలుగో అంతస్తు మాది. కొన్నప్పుడే షాపతను కుడి రెక్క ఒక్కటి కత్తిరించి ఇచ్చాడు, "ఇంక ఎగరదు మేడం" అంటూ. ఎగరకపోవడం సరే, సోఫా మీంచి దూకినప్పుడల్లా బొంగరంలా తిరిగి రొమ్ము నేలకి కొట్టుకునేది. రెండు నెలలు హాలంతా పాత బొంతలు పరిచి పెట్టాం. ఆ తర్వాత ఈకలు రాలడం మొదలై, కోసిన మొదళ్లు ఒక్కొక్కటే ఊడి, వాటి చోట కొత్తవి వచ్చాయి. పండగ మర్నాడు హాల్లోంచి వంటింట్లోకి ఎగిరొచ్చి పోపు వేస్తున్న నా భుజం మీద వాలింది. సంతోషం ఒక్క క్షణమే, కింద నూనె చిటపటలాడుతోంది మరి.

అత్తయ్యది అనంతపురం వైపు పల్లె. "కోసేయమ్మా, ఇంట్లోనే పడుంటాది" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు పెంచింది రామచిలక, వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు దాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. జున్నుది ఆస్ట్రేలియా జాతి కాబట్టి ఆ బాధ లేదు.

పక్షుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ రెక్క విప్పి చూపించారు. చివర పొడుగ్గా ఉండేవి పది ఈకలు. కత్తిరిస్తే అంచు నుంచి ఐదో ఆరో, రెండు వైపులా సమానంగా, పైన కప్పి ఉండే చిన్న ఈకలకి తగలకుండా. బాగా పెరిగిన ఈకని కోస్తే గోరు తీసినట్టే, నొప్పి ఉండదు. ఇంకా పెరుగుతున్న ఈకకి కాడ ముదురు రంగులో కనిపిస్తుంది, అందులో రక్తం పారుతుంటుంది, అది తెగితే గాభరానే. అలాంటప్పుడు అద్దడానికి కార్న్‌ఫ్లోర్ దగ్గర పెట్టుకోమన్నారు. నన్ను ఆపిన మాట మాత్రం వేరే. కాకటీల్ తేలిక పిట్ట, మాది 88 గ్రాములు, ఐదు ఈకలు తీసినా బాల్కనీలో గాలి తోస్తే కొంత దూరం పోతుందట, తిరిగి రావడానికే చేతకాదట. మా పైన పొద్దుటి నుంచి గద్దలు తిరుగుతుంటాయి. ఏప్రిల్ వానల ముందు ఇక్కడ వీచే గాలి సంగతి బెంగళూరు వాళ్లకి చెప్పక్కర్లేదు.

సరే, ముందు ఇల్లు సర్దుదాం అనుకున్నాం. బాల్కనీకి పావురాల వల ఉంది, కానీ దాని కన్నాల్లోకి నా రెండు వేళ్లు దూరుతున్నాయి, జున్ను తల పెడితే ఇరుక్కోవడం ఖాయం. లోపలివైపు సన్నటి స్టీలు జాలీ కొట్టించాం. దోమల జాలీ అయితే రెండు రోజుల్లో కొరికేస్తుంది. కిటికీ అద్దాలకి నాలుగు వేళ్ల ఎడంలో బొట్టుబిళ్లలు అంటించా, నాలుగు ప్యాకెట్లు పట్టాయి, చూసినవాళ్లంతా నవ్వారు, కానీ ఆ తర్వాత ఒక్కసారీ అద్దానికి గుద్దుకోలేదు. నాన్‌స్టిక్ పెనం తీసేసి ఇనప పెనం తెచ్చుకున్నా. నాన్‌స్టిక్ పూత మాడితే వచ్చే పొగ పిట్టల ప్రాణం తీస్తుంది, రెక్కలు కోసినా కోయకపోయినా.

పిలిస్తే రావడం నేర్పడానికి కొర్ర కంకి. పెట్ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని అమ్మేది అదే, అత్తయ్య ఊరి నుంచి ఒక కట్ట తెచ్చారు. పొద్దున తూకం వేసి, తిండి పెట్టకముందు ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు. పెన్ను టిక్కుమనిపించడం, చేతి మీద వాలగానే నాలుగు గింజలు, అంతే. మొదటి వారం జానెడు దూరం, మూడో వారానికి మీటరు. ఐదో వారం అసలు రానంది, నాది తొందర, ఒకేసారి మూడు మీటర్లకి జరిగా. మళ్లీ మీటరు నుంచి మొదలు.

ఎనిమిదో వారంలో జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్క. జున్ను ఎగిరి ఆగిపోయిన ఫ్యాన్ రెక్క మీద కూర్చుని ఒళ్లు సర్దుకుంటోంది, మేమూ మురిసిపోతూ చూస్తున్నాం. స్విచ్ ఆన్‌లోనే ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఫ్రిజ్ గుర్రుమంది, ఫ్యాన్ మెల్లగా కదిలింది, జున్ను జుట్టు నిటారుగా లేచింది. అది కర్టెన్ రాడ్ మీదికి ఎగిరిన తర్వాతే నా చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది. రెక్కలు కోసి ఉంటే అంత పైకి ఎక్కేదే కాదన్నారు మా ఆయన. నిజమే. ఎక్కాక తప్పించుకునేదీ కాదు అన్నాన్నేను. ఆ రాత్రంతా ఇదే వాదన.

మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రెక్కలు తీయించాం, ఫ్యాన్‌వి. మూడూ మంచం కింద ఉన్నాయి. సన్నటి జాలీ ఉన్న స్టాండు ఫ్యాన్ కొన్నాం. ఈ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఫ్యాన్ లేకపోయినా గడుస్తుంది కాబట్టి మాకు కుదిరింది, చెన్నైలో మా అక్కకి చెప్తే తిట్టింది. తలుపులు తీసి పరిగెత్తే చిన్నపిల్లలున్న ఇళ్లల్లో, డాక్టర్ చేతే, రెండు వైపులా కత్తిరించుకుంటే నేను తప్పు పట్టను. కానీ ఎగరడం నేర్చుకోకముందే కోయడం, ఒక వైపే కోయడం, ఈ రెండూ నా కళ్లతో చూశాక ఎవరికీ చెప్పను.

పదకొండో వారం లెక్క: బరువు 91. హాలు చివరి నుంచి వంటింటి గడప దాకా ఐదు మీటర్లు, పది పిలుపులకి ఎనిమిది సార్లు వస్తోంది. కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం ఎవరి మాటా వినదు, బీరువా ఎక్కేస్తుంది. బయటికి తీసుకెళ్లడానికి కొన్న పట్టీని రెండుసార్లు కొరికింది, దాన్ని పక్కన పెట్టా. కొర్ర కంకులు మూడే మిగిలాయి, అత్తయ్య ఊరెళ్లినప్పుడు ఇంకో కట్ట తెస్తానన్నారు.