వైట్ టీత్: 20 అధ్యాయాల్లో 10 పూర్తి
బ్రిటిష్ రచయిత్రి జేడీ స్మిత్ తొలి నవల ఇది, 2000లో అచ్చైంది. మొదలుపెట్టి 24 రోజులైంది. ఉదయం ఆమదాలవలసలో ప్యాసింజర్ ఎక్కి విజయనగరంలో దిగేలోగా చదువుతాను. సాయంత్రం బండిలో నిలబడటానికే చోటుండదు, ఆ పూట చదవను.

మొదటి వారం ప్రతి కొత్త మాటకూ ఫోనులో నిఘంటువు చూడటంతో మూడు పేజీలు కూడా సాగలేదు. ఇప్పుడు పెన్సిలుతో గీత పెట్టి ముందుకు వెళ్తున్నాను. రాత్రి వాటిలో ఐదారింటికే అర్థం వెతుకుతాను, మిగిలినవి చదువుతుండగానే తెలిసిపోతున్నాయి. కథలో ఆర్చీ జోన్స్ భార్య క్లారా. ఆమె తల్లి హోర్టెన్స్ మాట్లాడే జమైకా యాసకు మాత్రం నిఘంటువు పనికిరాలేదు. ఆ సంభాషణలు ఇంట్లో పైకి చదివాను. కంటికి కొరుకుడుపడని మాటలు చెవికి తేలిగ్గా అందాయి.

ఒక్కో భాగానికీ మనిషి పేరు, పక్కన రెండు సంవత్సరాలు ఉన్నాయి: ఆర్చీ 1974, 1945, సమద్ 1984, 1857. మొదట ఆ అంకెలు పట్టించుకోలేదు. ఐదో అధ్యాయంలో కథ యుద్ధకాలానికి వెళ్లేసరికి తికమకపడ్డాను. అప్పుడు నోటుపుస్తకంలో ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు జోన్స్, ఇక్బాల్ కుటుంబాల వంశవృక్షాలు వేసుకున్నాను. ఈ నవల చదివేవారు మొదటిరోజే ఆ పని చేయాలి.

నన్ను వదలనివాడు ఆర్చీ స్నేహితుడు సమద్ ఇక్బాల్. బెంగాల్ నుంచి లండన్ వచ్చి రెస్టారెంటులో వడ్డన పనిచేస్తాడు. తాను వెయిటర్‌ని కానని, విద్యార్థిగా, శాస్త్రవేత్తగా, సైనికుడిగా బతికినవాడినని రాసిన పలక మెడలో వేసుకోవాలని అతనికి ఉంటుంది. అక్కడ పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా చిన్నాన్న గుజరాత్‌లోని వీరావల్‌లో చేపల బోటు మీద పన్నెండేళ్లు పనిచేశాడు. ఊరికి వచ్చినప్పుడల్లా, పదో తరగతి లెక్కల్లో తనే మొదటివాడినని ఎవరో ఒకరికి చెప్పేవాడు. చిన్నప్పుడు నాకు విసుగొచ్చేది. ఎందుకు చెప్పేవాడో ఆ పేజీలో అర్థమైంది.

అదే సమద్ రెండో భాగంలో తన కవల కొడుకుల్లో ఒకడిని భార్యకు చెప్పకుండా బంగ్లాదేశ్ పంపేస్తాడు. ఆ రోజు అతని మీద చాలా కోపం వచ్చింది. చిన్నాన్న కూడా పెద్దకొడుకును తనతో తీసుకువెళ్లి, చిన్నవాడిని నాన్నమ్మ దగ్గర ఉంచాడు. కానీ ముందురోజు రాత్రి పిన్ని, చిన్నాన్న, నాన్నమ్మ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు.

రేపటి నుంచి మూడో భాగం, ఆర్చీ, క్లారాల కూతురు ఐరీ: 1990, 1907. ఎడమవైపు 1907 రాసి ఉంచాను. కుడివైపు హోర్టెన్స్ పేరు పైన రెండు తరాలకు సరిపడా ఖాళీ వదిలాను.