బ్యారేజీ అవతల దొండకాయలు

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి ఇరవై ఒక్క రోజులు ఎవరూ గడప దాటొద్దన్నారు. మా అమ్మ మొదట అన్న మాట "వేపపువ్వు ఉంది గానీ మామిడికాయ లేదురా" అని. ఆ వెంటనే, "మీ బాబాయికి ఫోన్ చెయ్యి, పండక్కి దొండకాయ కోయించానన్నాడు పొద్దున" అంది.

బాబాయి వాళ్ళది పెనుమాక. విజయవాడలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం, ఉండవల్లి మీదుగా వెళ్తే వచ్చేస్తుంది. అమరావతి రాజధానికి భూములు ఇచ్చేది లేదని గట్టిగా పట్టుబట్టిన ఊళ్ళలో ఇదొకటి, ఎందుకు పట్టుబట్టారో ఒకసారి ఆ పొలాల్లో నడిస్తే అర్థమవుతుంది. ఏడాది పొడుగునా ఏదో ఒక కాపు ఉంటుంది. బాబాయికి సొంతం అరెకరం, మరో ఎకరం కౌలు. దొండ పందిరి, కాకర, గట్టు పక్కన కాస్త అరటి.

ఆ రాత్రి ఫోన్ చేస్తే ఆయన చాలా మామూలుగా, "ఎనిమిది బస్తాలు కట్టేసి ఉన్నాయిరా, పొద్దున్నే బండి వస్తుందో రాదో" అన్నాడు. బండి రాలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆఫీసులో ఒకాయన "కరోనా టైంలో బాగుపడింది రైతులేనండీ, కూరగాయలు మాత్రం ఆగలేదు కదా" అన్నాడు. గొడవెందుకని ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కూరగాయలు ఆగలేదన్న మాట నిజమే. అవి ఆగకపోవడమే మా బాబాయి బాధ.

దొండ సంగతి తెలియని వాళ్ళ కోసం చెప్తాను. దొండ పాదు రోజు మార్చి రోజు కోతకి వస్తుంది. మీకు బుద్ధి పుట్టినప్పుడు కోసుకుందాం అంటే కుదరదు. వేలెడు పొడవున లేతగా ఉన్నప్పుడు కోస్తేనే సరుకు, రెండు రోజులు వదిలేస్తే లోపల గింజ ముదురుతుంది, ఇంకా వదిలేస్తే ఎర్రగా పండిపోతుంది, దాన్ని చిలకలు తప్ప ఎవరూ కొనరు. పైగా కాయ పండనిస్తే పాదు బలమంతా దానికే పోయి కొత్త పూత తగ్గుతుంది. అంటే అమ్ముడుపోయినా పోకపోయినా కూలి ఇచ్చి కొయ్యాల్సిందే. పారబోయడానికి కూడా కూలి ఇచ్చి కోయించాలి! ఈ ముక్క మా ఆఫీసాయనకి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.

మా గుంటూరు చుట్టాలు మిర్చి వేస్తారు. ఆ మార్చిలో మిర్చి యార్డు మూతపడిందని వాళ్ళూ లబోదిబోమన్నారు, పాపం వాళ్ళ పెట్టుబడి మాకంటే చాలా ఎక్కువ, నేను కాదనను. కానీ ఎండిన మిరపకాయని గోతానికెత్తి ఏసీలో పెట్టి (మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు) తాళం చెవి జేబులో వేసుకుని ధర కోసం ఎదురు చూడొచ్చు. కాకరకాయని ఏ ఏసీలో పెడతాం? మూడో రోజుకి పసుపెక్కి, నాలుగో రోజుకి చీలి నోరు తెరుస్తుంది. ఆకుకూరల గురించి అసలు మాట్లాడకపోవడం మంచిది.

ఇంతకీ వ్యవసాయానికి అనుమతి లేకనా? ఉంది. మార్చి 27నే కేంద్రం పొలం పనులకి, కూలీలకి, మార్కెట్ యార్డులకి మినహాయింపులు ఇచ్చింది. కాగితం మీద అన్నీ నడుస్తున్నాయి. పెనుమాక గుంటూరు జిల్లా, మా మార్కెట్ ఉన్న విజయవాడ అప్పట్లో కృష్ణా జిల్లా. మధ్యలో ఉన్నది ఒక్క బ్యారేజీ, కిలోమీటరు పైన ఇంకాస్త. మామూలు రోజుల్లో జిల్లా మారుతున్నామని ఎవరికి గుర్తుంటుంది? బాబాయి దృష్టిలో బెజవాడ అంటే ఏటి అవతల బజారు, అంతే. అలాంటిది ఒక్కసారిగా అది సరిహద్దయి కూర్చుంది. బండికి పాస్ ఉంటే డ్రైవర్‌కి ఉండాలి, డ్రైవర్‌కి ఉంటే పక్కన కూర్చున్న రైతు ఎందుకని పోలీసులు అడిగేవారు. అంతా మంచిగానే మాట్లాడేవారు, ఒకరోజు వదిలిన వాళ్ళే మరుసటి రోజు వెనక్కి పంపేవారు, వాళ్ళకి పైనుంచి పొద్దునొకటి సాయంత్రమొకటి చెప్తుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

కొనుక్కునే టైము పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా అన్నారు, తర్వాత మా వైపు తొమ్మిదింటికే కట్టేసేవారు. మీరే లెక్క వేసుకోండి. తెల్లారి వెలుగు రాకుండా పందిరి కింద కాయ కనపడదు. ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చుని లేచి, వంగి, చేతులు పైకెత్తి కోసేసరికి తొమ్మిదవుతుంది. అప్పటికి బజారు ఖాళీ. కాబట్టి ఈ రోజు కోసింది రేపు తెల్లవారుజామున బయల్దేరాలి, రాత్రంతా తడి గోతాలు కప్పి వసారాలో పెట్టేవాళ్ళు. పిన్ని మూడింటికి లేచి గోతాల మీద నీళ్ళు చిలకరించేది. ఏప్రిల్ ఎండలు తెలుసు కదా మనవి, రాత్రి కూడా గోడలు కాలుతుంటాయి.

కోతకొచ్చే ఆడవాళ్ళు పక్క ఊరి నుంచి ఒకే ఆటోలో అందరూ వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో ఆటోలో ఇద్దరికి మించి ఎక్కకూడదు. ఒక్క ట్రిప్పు బదులు రెండు మూడు ట్రిప్పుల కిరాయి ఎవరు పెట్టుకుంటారు, బాబాయే పెట్టుకున్నాడు. బస్తాలెత్తే ముఠా కూలీలు రాలేదు, ఆయనే ఎత్తాడు, నడుం పట్టేసింది. టైరు పంచరైతే పంచరు కొట్టు లేదు. మోటారు కాలితే వైండింగ్ కొట్టు మూసి ఉంది. పందిరికి కట్టే తీగ, బస్తా కుట్టే పురికొస కూడా దొరకలేదు ఒక వారం. వీటికి ఎవరూ మినహాయింపు ఇవ్వరు, ఎందుకంటే పురికొస నిత్యావసరమని పొలంలో ఉన్నవాడికి తప్ప ఎవరికీ తెలీదు.

సరే, అన్నీ దాటుకుని బజారుకి చేరిందనుకుందాం. స్వరాజ్ మైదానం రైతు బజారు కిక్కిరిసిపోతుందని ఊళ్ళో మైదానాల్లో, స్కూలు గ్రౌండ్లలో చిన్న చిన్న బజార్లు పెట్టారు. నేల మీద సున్నంతో గళ్ళు గీశారు. ఆలోచన మంచిదే, మా వీధి చివరే కూరగాయలు దొరికాయి, అమ్మ సంతోషపడింది. కానీ అక్కడ కొనేది ఇళ్ళవాళ్ళు, అరకిలో కిలో. బస్తాల లెక్కన కొనేది ఎవరు? హోటళ్ళు, మెస్సులు, కాలేజీ హాస్టళ్ళు, పెళ్ళిళ్ళ క్యాటరింగ్ వాళ్ళు. విజయవాడ, గుంటూరుల్లో కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ళు ఎన్నున్నాయో మనకి తెలుసు, ఆ పిల్లలు తిట్టుకుంటూ తినే దొండకాయ వేపుడంతా ఇలాంటి పందిళ్ళ నుంచే వెళ్తుంది. పిల్లల్ని ఇళ్ళకి పంపించేశారు, మెస్సులు మూశారు, మే నెల ముహూర్తాల పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. దుర్గమ్మ గుడి తలుపులు మూశారు కాబట్టి పూలవాళ్ళ పని ఇంకా ఘోరం. విస్తరాకుల కోసం పెంచిన అరటాకు చెట్టు మీదే చిరిగిపోయింది.

అందుకే ఒకే వారంలో మా అపార్ట్‌మెంటులో దొండకాయ కిలో నలభై పెట్టి కొన్నాం, అదే వారం బాబాయికి కమిషన్ కొట్టులో కిలోకి నాలుగు రూపాయలు కట్టారు. కోత కూలి కూడా రాలేదు. నేను కోపంతో ఊగిపోతుంటే ఆయనే, "మధ్యలో వాడు కూడా రోజుకి మూడు గంటలే అమ్ముతున్నాడురా, మిగిలింది కుళ్ళుతోంది" అన్నాడు. నాకింకా ఆ లెక్క పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ముప్పై ఆరు రూపాయల కుళ్ళు ఎక్కడుంటుంది?

ఆ కోపంలోనే నేను మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను, మా బాబాయి పొలం నుంచి కూరగాయలు, ఐదు రకాలు, వంద రూపాయల సంచి అని. అరగంటలో యాభై రెండు ఆర్డర్లు! బాబాయికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "ఐదు రకాలంటావేంట్రా, నా దగ్గరున్నవి రెండు" అన్నాడు. నిజమే కదా. పక్క రైతుల్ని పట్టుకుని వంకాయ, బెండకాయ, గోంగూర పోగు చేశాడు. రెండు రోజుల కోసారి తెల్లవారుజామున నేను బండి మీద బ్యారేజీ దాకా వెళ్ళేవాణ్ణి, అటు నుంచి ఆయన ఆటో, మాస్కులతో ఎవరో దొంగసరుకు మార్చుకున్నట్టు ఉండేది. తూకం వేసి సంచుల్లో సర్దింది అమ్మ, నేను. అప్పుడు తెలిసింది నాకు ఈ పని ఎంత కష్టమో. నాలుగో అంతస్తావిడ దొండకాయలు వంకరగా ఉన్నాయని ఫొటో పెట్టింది. ఒకాయన గోంగూర మార్చి తోటకూర ఇమ్మన్నాడు. ఇద్దరు ఇప్పటికీ డబ్బులివ్వలేదు. మధ్యలో కమిషన్ కొట్టాయన మీద నా కోపం ఓ పావు వంతు తగ్గిందంటే నమ్మండి.

జూన్‌కి కాస్త తెరుచుకుంది. హమ్మయ్య అనుకునేలోపు అక్టోబరులో కృష్ణకి వరద, ఏటి మధ్య లంకల్లో ఉన్న అరటి, కంద, కూరగాయ తోటలు నీళ్ళలో నిలబడ్డాయి. బాబాయి పొలం గట్టున ఉంది కాబట్టి తప్పించుకుంది.

2021 మే వేరే కథ. ఆ నెల 5 నుంచి పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకానే, తర్వాత కర్ఫ్యూ. ఈసారి బళ్ళు తిరిగాయి, పాసుల గోల లేదు, బజారు నడిచింది. మనుషులే లేరు. మొదటి ఏడు జబ్బు టీవీలో ఉండేది, రెండో ఏడు మా వీధిలోకి వచ్చింది. కోతకొచ్చే ఆడవాళ్ళలో ఒకావిడ భర్త పోయాడు, మిగతావాళ్ళు భయపడి మానేశారు. బాబాయికీ పిన్నికీ పాజిటివ్. పన్నెండు రోజులు పందిరి వైపు ఎవరూ వెళ్ళలేదు.

తగ్గాక నేనే ఆయన్ని బండి మీద తీసుకెళ్ళాను. పందిరి కింద అడుగు పెడితే పైనంతా ఎరుపు. ఆకుల సందుల్లో వందల కాయలు, పండి, పగిలి, మేం వెళ్ళేసరికి చిలకలు ఒక్కసారిగా లేచాయి. నేల మీద ఎర్రటి గుజ్జు, చీమలు. నాకైతే, సిగ్గు లేకుండా చెప్తున్నా, చాలా అందంగా అనిపించింది, ఫొటో తీయబోయి ఆయన మొహం చూసి ఫోన్ జేబులో పెట్టేశాను. ఆయన చెయ్యెత్తి ఒక పండు తెంపి నలిపి చూసి, "తీగ మొత్తం కొట్టెయ్యాలి. మళ్ళీ చిగురు రావాలంటే అంతే" అన్నాడు. మాటకి ఇంకా దగ్గు వస్తోంది. కౌలు మాత్రం ఎప్పట్లాగే పూర్తిగా కట్టాడు, కౌలు కాగితమే లేని భూమికి పంట నష్టమని ఎక్కడికెళ్ళి చెప్పుకుంటాడు.

తీగ మళ్ళీ చిగురించింది, ఇప్పుడు కాపు బాగుంది. మా అపార్ట్‌మెంటు కూరగాయల గ్రూపు ఇంకా అలాగే ఉంది, దాంట్లో ఇప్పుడు గుడ్ మార్నింగులు, పనిమనిషి నంబర్లు వస్తుంటాయి. పోయిన నెల ధర మరీ పడిపోయిందంటే మళ్ళీ పెట్టి చూశాను, బాబాయి దొండకాయలు కిలో ఇరవై అని. రెండే ఆర్డర్లు వచ్చాయి. మూడో మెసేజ్ నాలుగో అంతస్తావిడది: "యాప్‌లో పద్దెనిమిదికే ఉన్నాయండీ, పది నిమిషాల్లో తెస్తారు."

బాబాయికి ఆ మెసేజ్ చూపించలేదు.