మీవారి కోసమా అమ్మా?

నిన్న రాత్రి మీటింగ్ నుంచి వచ్చాను. అంతకుముందు తిరిగిన చోట్ల మీద కోపం ఆరకముందే రాస్తున్నాను. రెండ్రోజులు ఆగితే మంచిదాన్నయిపోయి సగం విషయాలు దాచేస్తాను. మందు మానడానికి గ్రూప్ వెతుక్కునే ఆడవాళ్ళ కోసం ఇది. మగవాళ్ళకు ఈ కష్టాల్లో సగం ఉండవు కాబట్టి వాళ్ళు పైపైన చదువుకున్నా చాలు.

డాక్టర్ దగ్గర పని తేలిగ్గానే అయింది. రోజూ బాగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, అందుకే ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళాను. మాత్రలు రాసి, "ఏదైనా గ్రూప్‌లో చేరండి, ఒక్కరే ఉంటే మళ్ళీ మొదలవుతుంది" అన్నారు.

మొదట ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌కి వెళ్ళాను. రిసెప్షన్‌లో అమ్మాయి పేషెంట్ పేరు అడిగితే నా పేరు చెప్పాను. "మీ పేరు కాదు మేడమ్, పేషెంట్ పేరు." నేనే పేషెంట్‌ని అన్నాను. ఫారంలో 'పేషెంట్‌తో సంబంధం' అన్నచోట భార్య, తల్లి, సోదరి అని అచ్చేసి ఉంది. నాకు టిక్ పెట్టుకునే గడే లేదు. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళొచ్చాక ఇద్దరు స్టాఫ్ ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ తిరిగి, నన్ను చూసి వెళ్ళారు. తర్వాత ప్యాకేజీ రేటు చెప్పారు. గ్రూప్ సెషన్లలో మాత్రం లేడీస్ ఉండరట. రేటు చెప్పడానికి ఆడా మగా తేడా లేదన్నమాట.

తర్వాత ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. అక్కడ ఫీజు లేదు, ఆధార్ అడగరు, ఇంటిపేరు కూడా అక్కర్లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఫోన్ చేస్తే ఒకాయన చర్చి కాంపౌండ్‌లో గది అని టైము చెప్పారు. వెళ్ళేసరికి తలుపు దగ్గర ఒక పెద్దాయన ఎదురొచ్చి, "మీవారి కోసమా అమ్మా? ఫ్యామిలీ మీటింగ్ పక్క గదిలో తల్లీ" అని ఎంతో మర్యాదగా తీసుకెళ్ళి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నోరు విప్పే సందే ఇవ్వలేదు.

అది అల్-అనాన్. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం 1951లో మొదలైంది. మొదలుపెట్టినవాళ్ళలో ఏఏ స్థాపించిన బిల్ భార్య లోయిస్ ఒకరు. మంచిదే, కానీ నాది కాదు. ఒకావిడ భర్త సీసా మీద పెన్నుతో గీత పెట్టి ఎంత తగ్గిందో చూస్తానని చెబుతోంది. మా ఇంట్లో ఆ గీతలు పెట్టేది మా అత్తగారు, నా సీసా మీద. తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చున్నాను. నా వంతు వచ్చింది.

"మీవారు ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారమ్మా?"

"మావారు తాగరు."

"మరి, మీ అబ్బాయా?"

"నేనే."

పక్కనున్నావిడ హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా ఉన్నావిడ "అయ్యో, పిల్లలున్నారా?" అంది. ఇంకెవరో "పాపం ఆయన" అన్నారు. ఆ గదిలో అంతసేపూ ఏ మగాడికీ దక్కని జాలి, వాళ్ళు కనీసం మొహం కూడా చూడని మా ఆయనకు దక్కింది. మీటింగ్ అయ్యాక ఒక్కరూ నంబర్ ఇవ్వలేదు.

మనవాళ్ళకు తాగుడూ ఆడదీ అనగానే దూబగుంట గుర్తొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, అది పెరిగి పెరిగి 1995లో మద్యనిషేధం దాకా వెళ్ళింది. వాళ్ళకు దండం పెడతాను. కానీ ఆడది సారా కొట్టు మూయించేదే తప్ప సీసా దాచుకునేది కాదని అప్పుడే తేల్చేసుకున్నారేమో. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళు కల్లు తాగితే ఎవరూ నోరెళ్ళబెట్టరు. నాలాంటి మ్యాథ్స్ టీచర్ తాగిందంటే మాత్రం లోకం తల్లకిందులైపోతుంది.

ఏఏకి మళ్ళీ ఫోన్ చేసి, మొదట టైము చెప్పినాయన్ని గట్టిగానే కడిగేశాను. పాపం ఏమీ అనకుండా ఒక ఆడమెంబర్ చేత నాకు ఫోన్ చేయించారు. ఆ అక్క ముందు ఆన్‌లైన్‌లో ఆడవాళ్ళ మీటింగ్‌కి పిలిచింది, కెమెరా ఆపుకోవచ్చంది. ఏఏలో నిలబడిన తొలి ఆడవాళ్ళలో మార్టీ మాన్ అనే ఆవిడ ఉందనీ, ఆవిడ 1939లో చేరిందనీ చెప్పింది. నిన్న వెళ్ళింది ఆ అక్క గ్రూప్‌కే. మగవాళ్ళే ఎక్కువ, కానీ తెలుగులో మాట్లాడుకుంటారు. నన్ను ఎవరి కోసం వచ్చావని ఎవరూ అడగలేదు. నా పేరు చెప్పి, ఆల్కహాలిక్‌ని అని గొంతు వణకకుండా అన్నాను. పక్క గది కథ చెబితే అందరికంటే గట్టిగా ఆ అక్కే నవ్వింది. టీ కప్పులు కూడా నేనే కడిగొచ్చాను, ఇంట్లో అంత శ్రద్ధగా ఎప్పుడూ కడగలేదు.

మీరు ఫోన్ చేసినప్పుడు మొదటి మాటే "తాగేది నేనే" అని చెప్పండి. అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అడగండి. ఓపెన్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఆడవాళ్ళు వస్తారా, ఏ భాషలో నడుస్తుంది అన్నవి కూడా అప్పుడే తేల్చుకోండి. ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోతే 14446 అని ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్ ఉంది. ఒక గ్రూప్ నచ్చకపోతే ఇంకోటి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. ప్యాకేజీల జోలికి మాత్రం నన్నడిగితే వెళ్ళకండి.

ఇప్పుడు మావారికి అల్-అనాన్ కావాలి. నేను కూర్చున్న గదిలో అందరూ భార్యలే. భార్య కోసం వచ్చే మగవాళ్ళున్న గ్రూప్ ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఈ ఆదివారం ఆయన్ని పంపిస్తాను.