కంది ఎక్కడ వేయాలో మ్యాపు ఎంతవరకు చెబుతుంది?

అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకోకుండా కంది, కొర్ర ఎక్కడెక్కడ నప్పుతాయో చూడటానికి చాలామంది మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వాలు, వాన, మట్టి లేయర్లకు (ఒక్కో అంశాన్ని చూపే పటం పొరలకు) మార్కులేసి, వెయిటేజీలతో కలిపేస్తారు. చిక్కంతా ఆ కలపడంలోనే. మట్టి లోతు 20 సెంటీమీటర్లే ఉన్నా, వాలు, పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణం) బాగుంటే సగటు మార్కు బాగానే వస్తుంది, మ్యాపులో ఆ చేను పచ్చగా కనిపిస్తుంది. కంది వేరుకు మాత్రం బండ తగులుతుంది. వానలు వెనక్కి పోయాక కంది బతికేది లోపలి తడి మీదే. లోతు లేకపోతే పూత రాలిపోతుంది.

అందుకని లోతును మార్కుల్లో కలపకండి, ముందే జల్లెడ పట్టండి. కందికి 50 సెంటీమీటర్ల లోపు నేలలన్నీ తీసేయడం మంచిదని నా అభిప్రాయం. మిగిలిన చోట్ల కూడా సగటు వద్దు. వాలు, పీహెచ్, మురుగు పోయే తీరు, వీటిలో దేనికి తక్కువ మార్కు వస్తే అదే ఆ నేల తరగతి.

రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తుల ఫైలు అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉండగానే వాలు లెక్కిస్తే చదును చేలు కూడా నిట్టనిలువు కొండల్లా వస్తాయి. ముందు దూరాలను మీటర్లలో చూపే యూటీఎం పటం పద్ధతిలోని 43 ఉత్తర జోన్‌కు, అంటే సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32643కు మార్చాలి. పాత అనంతపురం జిల్లాలోని కదిరి (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) 78 డిగ్రీల రేఖ దాటి 44వ జోన్‌లో పడుతుంది, అయినా ఆ పాత జిల్లా మొత్తానికి ఒకే జోన్ ఉంచండి. ఇక ప్రపంచ నేలల డిజిటల్ పటం సాయిల్‌గ్రిడ్స్ పీహెచ్ పదింతలు చేసి ఉంటుంది: 65 అంటే 6.5.

లోతు వివరం నాగపూర్ నేలల సర్వే సంస్థ వేసిన 1:2,50,000 పటాల్లో దొరుకుతుంది. అక్కడ 1 మిల్లీమీటరు నేల మీద 250 మీటర్లు. 250 మీటర్ల చదరం 15 ఎకరాల పైమాటే, అంటే ఐదారుగురు చిన్న రైతుల చేలు. ఆ పటాన్ని 30 మీటర్ల గళ్ల రాస్టర్‌గా మారిస్తే గళ్లు చిన్నవవుతాయి, సమాచారం మాత్రం పెరగదు.

కాబట్టి విత్తనం చెప్పేముందు గడ్డపార పట్టాల్సిందే. పదును వాన పడ్డాక చేను పైభాగంలో, నడుమ, దిగువన ఒక్కో గుంత, మొరమో బండో తగిలేదాకా తవ్వి టేపుతో కొలవండి. పైన 25, దిగువన 70 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి: పైన మూడు నెలల్లో చేతికొచ్చే కొర్ర, దిగువన కంది.