ఒకటే గది, ఒకటే మంచం, పక్కన అమ్మ

బయట జోరున వాన. హీరోకీ హీరోయిన్‌కీ ఒకరంటే ఒకరికి పడదు. హోటల్ కౌంటర్ దగ్గర అమ్మాయి "సారీ, ఒక్క గదే మిగిలింది" అంటుంది. తలుపు తీసి చూస్తే మంచం కూడా ఒక్కటే. ఇంగ్లిష్ రొమాన్స్ నవలలు చదివేవాళ్లకి ఈ సీను కంఠతా వచ్చు. 'ఓన్లీ వన్ బెడ్' అని దీనికో పేరు కూడా ఉంది. నాకు మాత్రం ప్రతిసారీ అదే అనుమానం. ఈ అమెరికాలో హైవే పక్కన ఏ హోటల్లో దిగినా రెండు క్వీన్ బెడ్ల గదే మొదట అంటగడతారు. అందులో మనవాళ్లు ఆరుగురు, రైస్ కుక్కర్‌తో సహా, సర్దుకుపోతారు. ఈ ప్రేమికులకే ఆ గది ఎందుకు దొరకదో!

ఈ మాట అన్నానని మా అమ్మాయి ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. దానికి పదహారేళ్లు. హ్యూస్టన్ పక్కన కేటీలో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఇంగ్లిష్‌లో మాత్రం నవల మీద నవల నమిలేస్తుంది, అందులో ఎక్కువ భాగం రొమాన్సే. మా ఆయన దృష్టిలో పుస్తకం చేతిలో ఉంటే చాలు, కాలేజీ సీటు కోసం రాసే శాట్ పరీక్షకి పనికొస్తుంది. అట్ట మీద గులాబీ రంగు, బొమ్మలు చూసి ఇంకా పిల్లల పుస్తకాలే అనుకుంటారు పాపం.

ఆ అట్టల సంగతి చెప్పాలి. ఒకప్పుడు రొమాన్స్ నవలంటే చొక్కా గుండీలు విప్పుకున్న మగాడు, అతని చేతుల్లో వాలిపోయిన అమ్మాయి. షాపులో దూరం నుంచే తెలిసిపోయేది. ఇప్పుడన్నీ కార్టూన్ బొమ్మలు. పద్నాలుగేళ్ల పిల్ల కోసం రాసిందీ, ముప్పై అయిదేళ్ల ఆవిడ కోసం రాసిందీ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. లోపల ఏముందో పిల్లలకి పిల్లలే చెప్పుకుంటారు, మిరపకాయల లెక్కలో. ఒక్క మిరపకాయంటే ముద్దుతో సరి. అయిదంటే ఇక చెప్పక్కర్లేదు. ముద్దయ్యాక తలుపు మూసేస్తే 'క్లోజ్డ్ డోర్' అట. మా చిన్నప్పుడు సినిమాల్లో రెండు పువ్వులు దగ్గరికొచ్చి తలలు ఆనించుకునేవి, అదీ క్లోజ్డ్ డోరే. అయిదు మిరపకాయలవి కాలేజీకి వెళ్లాక చదువుకోమన్నాను. సరేనంది. లైబ్రరీ యాప్ దాని ఫోన్లోనే ఉంది కాబట్టి ఆ 'సరే'కి ఎంత విలువో నాకు తెలుసు. అందుకే అది చదివినవి నేనూ చదువుతుంటాను.

సొంతంగా కొనుక్కున్న పుస్తకాలైతే వాటి నిండా స్టిక్కీ ట్యాబ్‌లు అంటిస్తుంది. గులాబీ రంగుది ప్రేమకి, పసుపుది నవ్వొచ్చినచోట, నీలంది ఏడుపొచ్చినచోట, ఆకుపచ్చది హీరోని తన్నాలనిపించినచోట. ఏ రంగు దేనికో మొదటి పేజీలో పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటుంది. దాని తర్వాత చదివే నాకు రెండు కథలు దొరుకుతాయి, రచయిత్రిదొకటి, ఈ పిల్లదొకటి. మొన్నొక నవలలో ఇద్దరూ విడిపోయే చోట నీలం ట్యాబ్ ఉంటుందనుకున్నాను. లేదు. అంతకు చాలా ముందు, హీరోయిన్ అర్ధరాత్రి ఇంటికొస్తే వాళ్లమ్మ ఏమీ అడక్కుండా ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసి వేడిచేసి పెడుతుంది. రెండే వాక్యాలు. నీలం ట్యాబ్ అక్కడ ఉంది. నేనైతే ఆ పేజీ తిప్పేసి వెళ్లిపోయేదాన్ని.

అసలు ప్రేమ నవలలంటే నాకు భయం లేదు. మా ఇంట్లో ఇది మూడో తరం. బెజవాడలో మా అమ్మ పత్రికల్లో వచ్చే సీరియళ్లు కత్తిరించి, దాచి, బైండు చేయించుకునేది. యద్దనపూడి సులోచనారాణి అంటే ప్రాణం. ఆవిడ హీరోకి ఆరడుగుల ఎత్తు, కారు, బోలెడు ఆస్తి, మాట తక్కువ, పొగరెక్కువ. ఎదురుగా ఆత్మాభిమానం తప్ప ఇంకేమీ లేని మధ్యతరగతి అమ్మాయి. నా డిగ్రీ రోజుల్లో లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల వెంట తిరిగి మిల్స్ అండ్ బూన్‌లు కొనేదాన్ని. 1908లో లండన్‌లో పెట్టిన కంపెనీ పుస్తకాలు, ఎన్ని చేతులు మారి బెజవాడ చేరేవో, పేజీలు పచ్చబడి, కుట్లు ఊడిపోయి ఉండేవి. న్యూస్ పేపర్ అట్ట వేసి అకౌంటెన్సీ పుస్తకం కింద పెట్టేదాన్ని. అందులోనూ ఆరడుగుల హీరోయే, కాకపోతే గ్రీకు దేశపు ఓడల యజమాని. మా అమ్మాయి పుస్తకాల్లో అతనే బిలియనీర్ సీఈఓ, లేకపోతే ఐస్ హాకీ ఆటగాడు. కారు ఎలక్ట్రిక్ అయింది గానీ పొగరు అలాగే ఉంది. పడనివాళ్లు ప్రేమలో పడటం కూడా తన తరమే కనిపెట్టినట్టు చెబుతుంది. జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలలో 1813లోనే రాసేసిందే అంటే, తెలుసులే అని కళ్లు తిప్పుతుంది.

ఒక్క విషయంలో మాత్రం దానిదే పైచేయి. నా మిల్స్ అండ్ బూన్‌లలో హీరోకి కోపమొస్తే బలవంతంగా ముద్దు పెట్టేవాడు, అదే ప్రేమకి రుజువు. ఇప్పటి హీరో ఆగి, నీకు ఇష్టమేనా అని అడుగుతాడు. అడిగి మరీ చేస్తే ఇక సరసం ఏముంటుందని నేను వాదించాను. అది ఒక పేజీ తీసి చదివి వినిపించింది, క్లోజ్డ్ డోర్ పుస్తకమే లెండి. బాగుంది, కాదనలేకపోయాను. అమ్మాయి వెంటపడి, అదే బస్సెక్కి, కాలేజీ గేటు దగ్గర కాపు కాసి, చివరికి 'ఊ' అనిపించుకోవడమే ప్రేమని మన సినిమాలు నాకు నేర్పాయి. నా కూతురికి అడిగేవాడే మామూలు మగాడు. ఆ లెక్కన ఈ నవలలు దాని చేత ఎంత హోంవర్కు ఎగ్గొట్టించినా నేను ఊరుకుంటాను.

అదే పిల్ల మళ్లీ ఇంకో రకం హీరోని నెత్తిన పెట్టుకుంటుంది. హీరోయిన్ చేతి మీద చిన్న గాయం కనపడగానే ఇతగాడు పళ్లు కొరికి "ఎవరు చేశారు?" అంటాడు. ఇక ఆ చేసినవాడికి మూడినట్టే. దీనికీ ఒక పేరుంది, లక్షల్లో అభిమానులున్నారు. ఇది మన ఫ్యాక్షన్ సినిమానే కదే, తొడ కొట్టడమొక్కటే తక్కువ అన్నాను. ఆ అమ్మాయి ఇంకెవరితో మాట్లాడినా మొహం మాడ్చుకునేవాడు, ఎక్కడుందో ఫోన్లో చూసుకునేవాడు పుస్తకంలో ముద్దొస్తాడు సరే, స్కూల్లో ఎదురైతే? "అమ్మా, ఇట్స్ ఫిక్షన్. ఐ నో ద డిఫరెన్స్" అంది. తెలుసనే నమ్ముతున్నాను. ఆ రకం మాత్రం నాకు నచ్చదు, నచ్చదని ప్రతి పుస్తకానికీ చెబుతూనే ఉంటాను.

ముప్పావు వంతు పుస్తకం అయ్యేసరికి విడిపోవడం ఇంకొకటి. కిండిల్‌లో 75 శాతం దాటిందంటే నేను గొడవ కోసం ఎదురుచూస్తుంటాను. మా అమ్మ నవలల్లో ఉత్తరం ఎవరి చేతిలోనో పడి అపార్థాలొచ్చేవి. ట్రంక్ కాల్ దొరకని రోజులు, అర్థం చేసుకోవచ్చు. చేతిలో ఫోన్, మణికట్టుకి వాచీ, చెవిలో ఇయర్‌బడ్ ఉన్న ఈ ఇద్దరికీ ఒక్క మాట అడిగి తేల్చుకోవడానికి ఏం మాయరోగం? ఎలాగూ కలుస్తారనుకోండి. కలవకపోతే అది రొమాన్సే కాదు. 1980లో మా హ్యూస్టన్‌లోనే పుట్టిన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంఘం పెట్టినవి రెండే షరతులు. కథంతా ప్రేమ చుట్టూ తిరగాలి, ముగింపు మనసుకి తృప్తిగా, ఆశగా ఉండాలి. దేవదాసుని చూసి పెరిగిన మనకి ప్రేమకథంటే ఎవరో ఒకరు పోవాలి. ఇద్దరు హీరోయిన్ల శోభన్‌బాబు సినిమా ఒకటి పెడితే మా అమ్మాయి మొదటి పాటలోనే లేచిపోయింది. "హీ ఈజ్ చీటింగ్, వై ఆర్ దే సింగింగ్?" అంటుంది.

నేను అస్సలు తట్టుకోలేనిది గ్రీన్ కార్డ్ పెళ్లి. వీసా అయిపోవచ్చిన హీరో, సాయం చేద్దామని ఉత్తుత్తి పెళ్లి చేసుకున్న హీరోయిన్, ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు కూర్చుని ఒకరి టూత్‌బ్రష్ రంగు ఒకరు చెప్పుకుంటూ ప్రేమలో పడతారు. ఇక్కడి చట్టంలో అలాంటి పెళ్లికి 5 ఏళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా. అది పక్కన పెట్టండి. ఉద్యోగాల మీద ఇచ్చే కార్డుల్లో ఏ దేశానికైనా ఏటా 7 శాతానికి మించి ఇవ్వరు కాబట్టి మనవాళ్లు ఏళ్లూ పూళ్లూ క్యూలో ఉంటారు. మా వీధిలో ఒకబ్బాయి నడక రాని వయసులో ఈ దేశం వచ్చాడు. అమ్మానాన్నల కార్డు రాకముందే ఇరవై ఒకటి నిండింది, వాళ్ల ఉద్యోగ వీసా వెంట పిల్లలకిచ్చే హెచ్4 పోయింది. పెరిగిన ఊళ్లోనే స్టూడెంట్ వీసా మీద విదేశీ విద్యార్థి అయ్యాడు. ఆ ఇంట్లో ఈ సీను చదివి ఎవరు నవ్వుతారు? మా అమ్మాయికి పుట్టుకతోనే నీలం పాస్‌పోర్టు. ఈ పుస్తకం మీద నాతో పోట్లాడే దాకా ఆ అబ్బాయి సంగతే దానికి తెలీదు. "బట్ హీ సౌండ్స్ లైక్ మీ" అంది, నమ్మలేనట్టు. ఆ నవలకి తర్వాత ఒక ఆకుపచ్చ ట్యాబ్ పడింది.

(అన్నట్టు, చిన్న ఊళ్లో పుస్తకాల షాపో కేకుల షాపో నడుపుకునే ఈ హీరోయిన్లందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడుతున్నారో కూడా నాకు తెలుసుకోవాలని ఉంది.)

మన పిల్లల కోసం మనవాళ్లు రాసినవీ వస్తున్నాయి. 2017లో వచ్చిన సంధ్యా మీనన్ 'వెన్ డింపుల్ మెట్ రిషి' నేనూ అదీ కూడా మెచ్చుకున్న నవల. పెద్దవాళ్లు సంబంధం అనుకున్నారని అబ్బాయికి తెలుసు, అమ్మాయికి తెలీదు. కాబోయే భార్య అనుకుని అతను చనువుగా పలకరిస్తే చేతిలో ఉన్న ఐస్డ్ కాఫీ అతని మీద కొట్టి పారిపోతుంది. పెద్దలు కుదిర్చారనగానే జైలన్నట్టు రాయలేదావిడ. నా గొణుగుడల్లా ఒకటే. అందరూ షాలు, పటేళ్లు, శర్మలే. కేటీలో గుడికి వెళ్తే చెవినిండా తెలుగే వినపడుతుంది, పుస్తకంలో మాత్రం ఒక్క తెలుగమ్మాయి కనపడదు. తెలుగు హీరోయిన్ కోసం నేను వెనక్కి, 2003కి వెళ్లాల్సొచ్చింది. అమూల్య మల్లాది 'ది మ్యాంగో సీజన్'లో ప్రియా రావు అమెరికా నుంచి హైదరాబాదు వస్తుంది, పచ్చళ్లు పెట్టే ఎండాకాలంలో. అక్కడ నిక్ అనే అతనితో పెళ్లి ఖాయం చేసుకుంది, ఇక్కడ నోరు పెగలదు. ఇంట్లోవాళ్లేమో పెళ్లిచూపులు సిద్ధం చేస్తుంటారు.

ఆ నవల చదివాకే నాకు మా అమ్మాయికిష్టమైన 'ఫేక్ డేటింగ్' మీద ఒక అభిప్రాయం ఏర్పడింది. ప్రేమ లేని ఇద్దరు, ఏదో అవసరానికి, ఉన్నట్టు నటిస్తారు. మన ఇళ్లలో నడిచేది దీనికి సరిగ్గా తిరగేసి. ఉన్నది లేనట్టు నటిస్తారు. ల్యాబ్ పార్ట్‌నర్, స్టడీ గ్రూప్, అందరం కలిసే వెళ్తున్నాం... టెక్సస్‌లో హోమ్‌కమింగ్ అనే హైస్కూలు పండగకి అబ్బాయి అమ్మాయికి 'మమ్' అని ఒకటి ఇస్తాడు. నడుమ అన్నం పళ్లెమంత గుడ్డ చేమంతి, దాన్నుంచి మోకాళ్ల దాకా స్కూలు రంగుల రిబ్బన్లు, గంటలు, ఒక బుల్లి టెడ్డీ బేర్. నడిస్తే గలగలమని చప్పుడు. పోయిన అక్టోబర్లో అది మా అమ్మాయి మెళ్లో వేలాడుతూ ఇంటికొచ్చింది. "ఫ్రెండ్సే అమ్మా, ఫ్రెండ్స్ కూడా ఇచ్చుకుంటారు." రిబ్బను మీద మెరుపు అక్షరాలతో రెండు పేర్లున్నాయి. నేను చదివాను, నేను చదవడం అది చూసింది.

ఆ అబ్బాయి గురించి అడగలేదు. పుస్తకంలో అబ్బాయిల గురించి అడుగుతాను, అడిగినంతా చెబుతుంది. వాడెందుకు నచ్చాడు, వీడెందుకు నచ్చలేదు, ఏ మాట అన్నందుకు ఆకుపచ్చ ట్యాబ్ పడింది. నాకు కావలసింది అందులో చాలా వరకు దొరుకుతుంది. మా ఆయనకి మాత్రం ఆ మమ్ స్కూలు వాళ్లిచ్చిన మెడల్ లాంటిదేదో అని ఈనాటికీ నమ్మకం.

ఈ మధ్య శనివారాలు సంగీతం క్లాసుకి వెళ్లేటప్పుడు అది లెర్నర్స్ పర్మిట్ మీద కారు నడుపుతుంది, నేను పక్కన కూర్చుని యద్దనపూడి 'సెక్రటరీ' చదివి వినిపిస్తున్నాను. ఆవిడ 2018లో కాలిఫోర్నియాలో, కుపర్టినోలో కన్నుమూశారని చెబితే "యాపిల్ కుపర్టినోనా?" అని ఆశ్చర్యపోయింది. హీరోయిన్ జయంతి పరిచయం కాగానే నచ్చేసింది. హీరో రాజశేఖరం మీద మాత్రం ఒంటికాలి మీద లేస్తోంది, జయంతి ఈపాటికి హెచ్ఆర్‌కి రాసి ఉండాల్సిందట. నీ సీఈఓలు చేస్తే రొమాన్సు, మా రాజశేఖరం చేస్తే హెచ్ఆర్ కేసా అని నేను. నా సీఈఓలు థెరపీకి వెళ్తారమ్మా అని అది. సగం కూడా కాలేదింకా. అసలు అపార్థాలు ముందున్నాయని చెప్పలేదు, ఫ్రీవే మీద ఉన్నప్పుడు చెప్పదలచుకోలేదు. "జస్ట్ టాక్ టు హిమ్!" అని స్టీరింగ్ వదిలేసే రకం.